మెట్లు లేని తలుపు

అల ఎత్తు ఉండాల్సిన చోట రెండు అడ్డగీతలు, వాటి పక్కన 'మీటర్లు' అన్న మాట, ఎనిమిదీ యాభైకి అంతే, ఎనిమిదీ యాభై రెండుకీ అంతే. పైగా ఆ గీతలు ఎంత పెద్దవంటే అవతలి గట్టు మీద నిలబడ్డవాడికి కూడా కనిపిస్తాయి, ఎందుకంటే ఇరవై నిమిషాల కిందటే రెనెల్ తన వెబ్‌పేజీలో ఆ అంకెల సైజు పెంచింది. ముసలి కెప్టెన్ ఎడ్మాం "నీ అంకెలు చీమల్లా ఉన్నాయమ్మా, నా కళ్ళజోడు పడవలో, నేను ఇంట్లో" అని వారం రోజులుగా సతాయిస్తుంటే, పోనీలే పాపం అని పెంచింది, పెంచి, ఆ పేజీని నడిపే కంటైనర్‌ను ఒకసారి ఆపి మళ్ళీ లేపింది, అదీ బుద్ధిగానే లేచింది, కాకపోతే మూగదై లేచింది. పది గంటలకు ఫోను మోగుతుంది. పది గంటలకు ఈ తీరంలోని రేవుల పెద్దలందరూ ఒకే లైను మీదికి వచ్చి, రేపు పొద్దున్న ఆరింటికి పడవలు బయల్దేరాలా వద్దా అని, లైను నడిపే క్లెవ్ పిలిచే వరసలో, ఒక్కొక్కరే చెబుతారు. రేపు నవంబరు ఆఖరి సోమవారం, ఏడాదికోసారి వచ్చే బోనులు దింపే రోజు, లాబ్‌స్టర్ బోనులు మూడు వందల డెబ్బై అయిదు ఒక్కో పడవ మీద మనిషెత్తుకు మించి పేర్చుకుని అందరూ ఒకేసారి పోయే రోజు. ఆ పడవల్లో ఒకటి ఓడీల్ అక్కది, అక్క కెప్టెనయ్యాక ఇదే మొదటి సీజను, అంత బరువు నెత్తిన పెట్టుకున్న పడవకు ఒక్క పెద్ద అల పక్కనుంచి తగిలితే చాలు. ఆ అల ఉందో లేదో ఇప్పుడు చెప్పగలిగింది నల్లమెట్ట దగ్గర నీళ్ళ మీద తేలుతూ అలల్ని కొలిచే బోయా ఒక్కటే. బోయా చెబుతూనే ఉండి ఉంటుంది. దాని మాట మోసుకు రావాల్సిన దాన్ని చెడగొట్టింది మాత్రం రెనెల్.

భయపడాలి. ఇలాంటప్పుడు మర్యాదగల మనిషి ఎవరైనా భయపడతారు. భయం ఉంది, కాదనడానికి లేదు, ఒక మూల కూర్చుని ఉంది, కానీ దాని పక్కనే ఇంకోటి లేచి కూర్చుంది, ఒళ్ళంతా జివ్వుమంటోంది, వేళ్ళు కీబోర్డు మీద వాటంతట అవే పరిగెడుతున్నాయి, ఎక్కడో ఒక ముడి పడింది, ఎవరూ చూడని చోట పడింది, దాన్ని నేనే చూడబోతున్నాను అనే వెర్రి సంబరం. చిన్నప్పుడు నాన్న చిక్కుపడ్డ తాడు తెచ్చి వంటింట్లో పడేస్తే ఓడీల్ "కత్తి తీసుకురా, కోసేద్దాం" అనేది, రెనెల్ మాత్రం తాడును ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది, కొస ఎక్కడ, కొస ఎక్కడ అని. అక్క పడవలకు పోయింది, చెల్లి కంప్యూటర్లకు పోయింది, ఇద్దరినీ కన్న నాన్న అల్ఫేకి మాత్రం ఇప్పటికీ రెండోదాని పనేమిటో అర్థం కాదు, ఎవరైనా అడిగితే "మా రెనెలా, అది బొమ్మలు చేస్తుంది" అంటాడు. బొమ్మ. ఆరు చలికాలాలు ఊరంతా ఆలుగడ్డలు కోరి, పిండి, రాప్యూర్ అనే వంటకం చేసి, చర్చి హాల్లో భోజనాలు పెట్టి, పోగైన డబ్బుతో కొన్న బోయాను చూపించే పేజీ నాన్న దృష్టిలో బొమ్మ. సరే నాన్నా, ఇవాళ బొమ్మ పాడైంది, ఎందుకు పాడైందో చూద్దాం, కొస ఎక్కడ?

కొస ఒకటి: కంటైనర్ బతికే ఉందా. ఉంది. ఆమె రాసిన చిన్న ప్రోగ్రామూ దానికి కావలసిన సరంజామా అంతా ఒక డబ్బాలో సర్ది, ఎవరిదో ఊరూ పేరూ తెలియని గోడౌనులో, ఎవరిదో కంప్యూటరు మీద నడుస్తున్న ఆ డబ్బా, క్లౌడ్ అని ముద్దుపేరు, అది ఆకుపచ్చగా మెరుస్తూ క్షేమమే అంటోంది. అక్టోబరు దాకా ఇదంతా రేవు దగ్గర ఎర సామాన్ల షెడ్డులో పాత కంప్యూటరు ఒకటి చేసేది, చేపల కంపూ ఉప్పుగాలీ తాగి తాగి అది ఒకరోజు కన్నుమూస్తే రెనెల్ సంతోషంగా అన్నీ మూటగట్టి క్లౌడుకు మార్చింది. కొస రెండు: బయటి నుంచి పేజీ తెరుచుకుంటోందా. ఫోను తీసి చూసింది, గీతలతో సహా శుభ్రంగా తెరుచుకుంది. కొస మూడు, అసలైనది: బోయా కబురు. బోయా పంపే అంకెలు రేడియోలో పక్క జిల్లాలో ఉన్న రెండు గదుల ఆఫీసుకు చేరతాయి, అక్కడ బర్టన్ అనే పెద్దమనిషి సర్వరు మీద ఉంటాయి. ఒకసారి ఎవడో దొంగ ఆయన సర్వర్లో దూరి నానా బీభత్సం చేశాక బర్టన్ గేటుకు జాబితా ఒకటి తగిలించాడు, ఇంటర్నెట్‌లో ప్రతి యంత్రానికీ ఇంటి నంబరులాగా ఒక ఐపీ నంబరు ఉంటుంది కదా, జాబితాలో ఉన్న నంబరు నుంచి వచ్చి తడితేనే తలుపు తీస్తాడు, లేకపోతే రాజుగారు వచ్చినా తీయడు. కంటైనర్ల నంబర్లు మాత్రం పడుకుని లేచినప్పుడల్లా మారిపోతాయి, సత్రంలో బాటసారికి ఏ గది ఖాళీగా ఉంటే ఆ గది ఇచ్చినట్టు. అందుకే రెనెల్ ముందుచూపుతో ఎప్పటికీ మారని నంబరు ఒకటి అడిగి తీసుకుంది, స్థిరమైన నంబరు, దాన్ని బర్టన్‌కు రాసి పంపింది, ఆయన జాబితాలో ఎక్కించుకున్నాడు, పదకొండు రోజులు అంకెలు వానచుక్కల్లా టపటపా వచ్చాయి. ఇప్పుడు కంటైనర్ రాసుకుంటున్న చిట్టా తెరిస్తే ప్రతి నిమిషానికీ ఒకే వరస: తట్టాను, రానివ్వలేదు, తట్టాను, రానివ్వలేదు.

మారని నంబరు కదా, మరి ఎందుకు రానివ్వడు? మారిందా? చూసింది. మారలేదు, తీసుకున్న రోజు ఎలా ఉందో అలాగే ఉంది, చివర 'జోడించబడింది' అని పచ్చటి ముద్ర కూడా. పాస్‌వర్డు తప్పా? కాదు, తప్పయితే తలుపు తీశాక తిడతాడు, ఇతను తలుపే తీయడం లేదు. ఇంకోసారి ఆపి లేపింది. రానివ్వలేదు. మళ్ళీ. రానివ్వలేదు. పదకొండు రోజులు రానిచ్చినవాడు, ఏమీ మారకుండానే, ఇవాళ ఎందుకు, అంకెల సైజు పెంచితే ఎందుకు, అంకెల సైజుకూ గేటుకూ ఏం సంబంధం, ఏమీ లేదు, అంటే సైజు కాదు, ఆపి లేపడమే, ఆపి లేపడంలో ఏదో మారింది, మారనిది అనుకున్నదేదో మారింది. అబ్బ, అదిగో, కొస వేలికి తగిలి జారిపోయింది. కిటికీలోంచి చూస్తే సముద్రం అద్దంలా ఉంది. అదే కదా అసలు బాధ. పన్నెండేళ్ళ కిందట కూడా అద్దంలాగే ఉంది.

ఆ ఏడు వాతావరణం వాళ్ళు గాలి తక్కువే అన్నారు, నిజంగానే తక్కువ, గాలి అబద్ధం ఆడలేదు, ఎక్కడో వెయ్యి మైళ్ళ దూరంలో చచ్చిపోయిన తుపాను తాలూకు అలలు మాత్రం చప్పుడు లేకుండా నల్లమెట్ట మీదికి వచ్చి లేచాయి. అక్కడ లోతు తగ్గుతుంది, అల పెరుగుతుంది, ఒడ్డున ఉన్నవాళ్ళకు ఏమీ తెలియదు. చిన్నాన్న రెమీ పడవ వెనక్కి వచ్చింది, బోనులు సగం పోయి, మనుషులందరూ ఉండి, చిన్నాన్న ఒక్కడూ లేకుండా; బోయాకు ఊరు పెట్టుకున్నది ఆయన పేరే. ఆ ఏటి ఫోనులో, ఇదే వంటింట్లో, ఇదే గోడకున్న పసుపు ఫోనులో, మన రేవు తరఫున "వెళ్తాం" అన్నది నాన్నే. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరూ అనరు. నాన్న ఆ తరువాత ఏటా "వెళ్తాం" అనే అన్నాడు, అందరికన్నా గట్టిగా అన్నాడు, ఒక్కసారి "ఆగుతాం" అంటే అప్పుడు కూడా అనుండాల్సింది అని ఒప్పుకున్నట్టవుతుందని కాబోలు. ఇప్పుడు రెనెల్ ఉంటున్నది నానమ్మ కట్టుకున్న ఈ ఇంట్లోనే, నానమ్మ పోయినా ఫోను నంబరు మారలేదు, రేవుల పెద్దల జాబితాలో ఉన్నది ఆ నంబరే, అందుకే ఏటా ఈ ఆదివారం నాన్న టోపీ పెట్టుకుని ఇక్కడికే వస్తాడు, ఫోను కింద కుర్చీ వేసుకుని చర్చిలో కూర్చున్నట్టు కూర్చుంటాడు. తొమ్మిదీ పది. ఇంకా యాభై నిమిషాలు. యాభై అంటే బోలెడు, యాభై అంటే ఏమీ లేదు.

వంటింటి తలుపు భళ్ళున తెరుచుకుంది, తట్టడాలు గిట్టడాలు ఈ ఊళ్ళో లేవు, ఓడీల్ నారింజ రంగు రబ్బరు ప్యాంటుతో, మోకాళ్ళదాకా బూట్లతో, ఉప్పుచేపల వాసనతో సహా లోపలికి వచ్చి పొయ్యి మీది టీ కేటిల్ ఎత్తి చూసింది.

"బూట్లు విప్పవే, నానమ్మ ఉంటే చీపురు తిరగేసేది."

"ఐదు నిమిషాల్లో పోతా, విప్పి తొడిగేసరికే ఐదు నిమిషాలు. ఏంటే నీ పేజీ, గీతలు పెట్టింది? రేవులో అందరూ నవ్వుతున్నారు. ఎడ్మాం అయితే, గీతలు మాత్రం బాగా కనిపిస్తున్నాయి, అమ్మాయికి థాంక్స్ చెప్పు అన్నాడు."

"నవ్వనీ. అక్కా, పదింటికల్లా వచ్చేస్తుంది. అంకె రాకుండా నువ్వు పోకూడదు."

"సముద్రం చూశావా? పిల్లల స్నానాల తొట్టిలా ఉంది. గాలి వేగం పదిహేను నాట్లే అంటున్నారు. అందరూ వెళ్తామంటే నేనొక్కదాన్నే ఒడ్డున కూర్చుని ఊలు అల్లుకోవాలా? ఆడకెప్టెన్ మొదటి ఏడాదే జడిసింది అంటే ఆ మాట నా మనవల దాకా వస్తుంది."

అక్క నవ్వుతూనే అంది, కానీ కప్పు పట్టుకున్న చెయ్యి నవ్వడం లేదని రెనెల్‌కు తెలుసు, అందరూ వెళ్తే అక్క వెళ్తుంది, నాన్న వెళ్తామంటే అందరూ వెళ్తారు, నాన్న వెళ్తామనే అంటాడు, అంకె ఒక్కటే ఆపగలదు. అంకె బర్టన్ గేటు లోపల ఉంది. బర్టన్‌కు ఫోను చేసింది. మోగింది, మోగింది, "ఆదివారం మధ్యాహ్నం దాకా ప్రభువు సన్నిధిలో ఉంటాను, బీప్ తరువాత చెప్పండి" అన్నాడు యంత్రంలోంచి. ఆయన బాప్టిస్టు, ఆదివారం ఫోను ముట్టడు, మేడ మీద మంటలంటుకున్నా ముట్టడు. నవ్వొచ్చింది రెనెల్‌కు, ఇలాంటప్పుడు నవ్వేమిటి, ఒళ్ళు తేలిపోతున్నట్టుంది, రాత్రంతా మేలుకున్న పెళ్ళివారికి తెల్లవారుజామున వచ్చే నవ్వులాంటిది. బర్టన్ పాత ఉత్తరం తీసి చదివింది, నంబరు తప్పు ఎక్కించుకున్నాడేమోనని, లేదు, అంకె అంకె సరిగ్గానే ఉంది, దాని కింద ఆయన ధోరణిలో ఇంకో ముక్క కూడా ఉంది: 'నువ్వు చెప్పింది రాసుకున్నాను. ఆ సాయంత్రం ఇంకో నంబరు వచ్చి అదేపనిగా తలుపు తడుతోంది, అదీ నీదే కదా అని దాన్నీ రాసుకున్నాను.' ఆ రోజు ఇది చదివి ముసలాయన చాదస్తం అనుకుని వదిలేసింది. ఇంకో నంబరు. నీదే కదా అని. తడుతున్నది. ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

అప్పుడే వీధి తలుపు మీద టకటకమని చప్పుడైంది.

అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ ఇంటి వీధి తలుపు మీద చప్పుడు అంటే వచ్చినవాళ్ళు ఈ ఊరివాళ్ళు కారు. ఆ తలుపు సముద్రం వైపు ఉంటుంది, ఎర్రరంగు, పక్కనే ఇంటి నంబరు ఇత్తడి బిళ్ళ, ఊళ్ళోకెల్లా మంచి తలుపు అని నానమ్మ గర్వం, కానీ దానికి మెట్లు లేవు, నాన్న చిన్నప్పుడే పుచ్చిపోతే తీసేశారు, మళ్ళీ కట్టలేదు, ఎందుకు కట్టాలి, ఆ తలుపు శవానికీ పాదిరీగారికీ తప్ప పనికిరాదని ఊరందరికీ తెలుసు. మనుషులందరూ వంటింటి తలుపులోంచే వస్తారు, పోతారు. ఓడీల్ కిటికీ తీసి తొంగి చూసింది. నడుమెత్తు గడపకు కింద గడ్డిలో నిలబడి, చెయ్యి పైకి చాచి తలుపు కొడుతోంది హాలిఫాక్స్ టీవీ అమ్మాయి ఒకతె, పల్చటి చెప్పులు, చేతిలో మైకు, భుజాన కెమెరా.

"మేడమ్, 1148 అని నంబరుంది, అల్ఫే సురెట్ గారి ఇల్లు ఇదేనా? రేవు దగ్గర నిలబడి పొద్దుట్నుంచీ ఈ తలుపునే కాపు కాశాను, 1148 వాళ్ళెవరూ బయటికి రాలేదే!"

"నంబరు ముందు తలుపుకుంటుంది తల్లీ," అంది ఓడీల్, "మనుషులు వెనక తలుపులోంచి పోతారు. అటు చుట్టూ తిరిగి రా, చెప్పులు తడుస్తాయి జాగ్రత్త."

నంబరు ముందు తలుపుకుంటుంది. మనుషులు వెనక తలుపులోంచి పోతారు. రెనెల్ కుర్చీలోంచి లేచి నిలబడింది, కుర్చీ వెనక్కి పడిపోయింది, పడనీ, నంబరు ముందు తలుపుకు, అయ్యో, అయ్యో పిచ్చిదానా, పదకొండు రోజులు! మారని నంబరు తీసుకెళ్ళి ఎక్కడ తగిలించింది, లోపలికి వచ్చేవాళ్ళ కోసం ఉన్న గేటుకు తగిలించింది, పేజీ చూడ్డానికి వచ్చే కెప్టెన్లు ఆ నంబరుకు వస్తారు, బిళ్ళ చూసి మురిసిపోతారు, బాగుంది, కానీ కంటైనర్ తాను బర్టన్ దగ్గరికి పోవాల్సి వచ్చినప్పుడు ఆ తలుపులోంచి ఎందుకు పోతుంది, అది వంటింటి తలుపులోంచి పోతుంది, వెనక సందులోకి, అక్కడ బిళ్ళా లేదు నంబరూ లేదు, ఆ పూటకు ఏ నంబరు చేతికిస్తే అది. మొదటి రోజు ఆ పూట నంబరుతో పోయి తట్టింది, బర్టన్ చాదస్తంగా దాన్నీ రాసుకున్నాడు, ఆ చాదస్తం చలవతోనే పదకొండు రోజులు నడిచింది, ఇవాళ ఆమె ఆపి లేపింది, కొత్త నంబరొచ్చింది, గేటు మూసుకుంది. ఈ ఊళ్ళో పుట్టి, ఈ ఇంట్లో పెరిగి, ముప్ఫై నాలుగేళ్ళు వంటింటి తలుపులోంచి తిరిగినదానికి తట్టలేదు, హాలిఫాక్స్ అమ్మాయి వచ్చి గడ్డిలో నిలబడాల్సి వచ్చింది! రుజువు కావాలి, రుజువు, ఎవరు అడిగినా 'నువ్వు ఫలానా నంబరు నుంచి వచ్చావు' అని చెప్పే పేజీ ఒకటి ఉంటుంది, దాని దగ్గరికి కంటైనర్‌నే పంపి అడిగించింది. జవాబు వచ్చింది. ఎప్పుడూ చూడని నంబరు, ముక్కూ మొహం తెలియని నంబరు. రెనెల్ బల్ల మీద రెండు చేతులతో దరువు వేసింది.

"ఏమైందే నీకు?" అంది ఓడీల్.

"దొరికింది! అక్కా, దొరికింది! ముద్దు పెట్టుకుంటా ఆ టీవీ అమ్మాయిని!"

"ఆమెకు చెప్పే చెయ్యి, కెమెరా ఉంది."

తొమ్మిదీ ముప్ఫై ఒకటి. వెనక తలుపుకు నంబరు కావాలి. క్లౌడులో దానికి ఒక ఏర్పాటు ఉంది, బయటికి పోయే గేటు ఒకటి కట్టుకుని, కంటైనర్లన్నీ దానిలోంచే పోవాలని దారి వేస్తే, ఎవరు పోయినా గేటు నంబరుతోనే పోతారు. కట్టొచ్చు. కానీ కొత్త నంబరు తీసుకుంటే ఏం లాభం, బర్టన్ జాబితాలో లేదు, బర్టన్ ప్రభువు సన్నిధిలో ఉన్నాడు. జాబితాలో ఉన్నది ముందు తలుపు మీది బిళ్ళ ఒక్కటే. అంటే దాన్ని పీకి వెనక్కి కొట్టాలి. పీకితే ముందు తలుపు పోతుంది, కెప్టెన్ల ఫోన్లలో పేజీ ఉండదు, గీతలు కూడా ఉండవు, దాన్ని మళ్ళీ నిలబెట్టాలంటే ఇంకో గంట. ఒకటే నంబరు, రెండు తలుపులు, క్లౌడు రెండింటికీ ఒప్పుకోదు. పేజీ ఉండి అంకె లేకపోవడమా, అంకె ఉండి పేజీ లేకపోవడమా. ఎంత కష్టపడి చేసింది ఆ పేజీని, ఆ నీలం రంగు ఎంచడానికే ఒక ఆదివారం పట్టింది. పీకేసింది. గేటు కట్టమంది. 'తయారవుతోంది' అని చిన్న చక్రం తిరుగుతోంది, ఎక్కడో గోడౌనులో ఎవరూ లేని గదిలో ఏ మనిషీ చూడకుండా ఒక గేటు లేస్తోంది, ఈ లోకంలో ఇంతకన్నా విచిత్రం ఏముంటుంది, నాన్నా, ఇది బొమ్మ ఎలా అవుతుంది, తిరుగు, తిరుగు.

చక్రం తిరుగుతుండగానే నాన్న వచ్చాడు, తొమ్మిదీ నలభై అయిదు, గడియారాన్ని ఈయన్ని చూసి దిద్దుకోవచ్చు. వంటింటి తలుపు, టోపీ, దగ్గు, పడిపోయిన కుర్చీని నిలబెట్టి ఫోను కింద వేసుకున్నాడు. గడప దగ్గర తడిచెప్పులతో వణుకుతున్న విలేకరి అమ్మాయికి బెల్లంపాకం బిస్కెట్టు ఒకటి చేతిలో పెట్టాడు, ఆమె అడగబోయిన ప్రశ్నను బిస్కెట్టు ఆపేసింది. "నీ పేజీ అసలుకే పోయిందట," అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా. "ఎడ్మాం ఫోను చేశాడు. ఇప్పుడు గీతలు కూడా లేవంటున్నాడు."

"నేనే తీసేశా నాన్నా. పావుగంట ఆగు."

"క్లెవ్ ఆగడు. పది అంటే పది."

గేటు లేచింది! నంబరు జోడించింది. పచ్చ ముద్ర పడింది. కంటైనర్ చిట్టా చూసింది: తట్టాను, రానివ్వలేదు. లేదు, లేదు, ఇలా జరగకూడదు, నంబరుంది, గేటుంది, ఇంకేం కావాలి నీకు, నా బంగారు కొండా? ఓడీల్ వెనక నిలబడి భుజం మీంచి చూస్తోంది, అక్క ఊపిరి చెవి దగ్గర వెచ్చగా తగులుతోంది, ఎప్పుడొచ్చి నిలబడిందో తెలియలేదు. గేటు కట్టినంత మాత్రాన సరిపోతుందా, ఇంటికీ గేటుకీ మధ్య దారి ఏదీ, కంటైనర్ పాపం ఇంకా పాత సందులోంచే పోతోంది, దానికి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సింది నేనే. తొమ్మిదీ యాభై ఆరు. దారుల పట్టిక తెరిచింది, బయటికి పోయే ప్రతివాడూ కొత్త గేటులోంచే అని ఒక్క వరస రాసింది, ఒక సున్నా తక్కువ కొట్టింది, ఎర్రగా తిట్టింది, దిద్దింది, నాన్న గొంతు సవరించుకున్నాడు, కంటైనర్‌ను ఆపింది, లేపింది, లే, లేవవే తల్లీ, ఇంకొక్కసారి లే. గోడ మీది పసుపు ఫోను గణగణా మోగింది.

నాన్న ఎత్తాడు. నానమ్మకు చెవుడు, అందుకని ఆ ఫోనుకు పెద్ద స్పీకరు పెట్టించారు, క్లెవ్ గొంతు వంటిల్లంతా నిండింది, ఒక్కో రేవు పేరూ పిలుస్తున్నాడు, హాజరు పట్టీ చదివే మాస్టారిలా. వెళ్తాం. వెళ్తాం. మాకు పేజీ కనిపించడం లేదు, ఎవరికైనా కనిపిస్తోందా, సరే, గాలి పదిహేనే కదా, వెళ్తాం. ప్రతి 'వెళ్తాం'కీ ఓడీల్ వేళ్ళు రెనెల్ భుజం మీద కొంచెం బిగుస్తున్నాయి. చిట్టాలో ఏమీ లేదు. ఖాళీ. ఖాళీ. తరువాత ఒక వరస: తట్టాను. ఆ తరువాతి వరస రావడానికి పట్టిన రెండు సెకన్లలో రెనెల్ నానమ్మను తలుచుకుంది, చిన్నాన్నను తలుచుకుంది, బర్టన్ మొక్కే ప్రభువును కూడా తలుచుకుంది, ఎందుకైనా మంచిదని. తలుపు తీశారు.

అంకెలు వచ్చాయి, ఒకటి కాదు, గంటన్నరగా గేటు దగ్గర పేరుకున్నవన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి, మూడు పాయింట్ ఒకటి, మూడు పాయింట్ నాలుగు, మూడు పాయింట్ తొమ్మిది, నాలుగు పాయింట్ మూడు. ఆనందంతో అరవబోయిన నోరు అలాగే ఉండిపోయింది. నాలుగు పాయింట్ మూడు మీటర్లు. కిటికీ బయట సముద్రం అద్దంలా ఉంది. ఓడీల్ కూడా చదివింది, భుజం మీది చెయ్యి వదులైపోయింది.

"పెతీ-హావ్ రేవు?" అన్నాడు క్లెవ్. "అల్ఫే? ఉన్నావా?"

"నాన్నా," అంది రెనెల్, "నాలుగు పాయింట్ మూడు. పద్నాలుగు సెకన్లకో అల. గంటన్నరగా పెరుగుతూనే ఉంది."

నాన్న ఆమె వైపు చూశాడు, లాప్‌టాప్ వైపు కాదు, ఆమె వైపు. ఎన్నేళ్ళుగానో ఆ మొహంలో చూడనిదేదో కదిలింది, రెనెల్ చూడలేకపోయింది, అయినా చూసింది. ఆయన రిసీవరు పెదాల దగ్గర పెట్టుకున్నాడు. "క్లెవ్," అన్నాడు, "మా చిన్నమ్మాయి మాట్లాడుతుంది."

"జాబితాలో నీ పేరుంది అల్ఫే. లేనివాళ్ళు మాట్లాడ్డానికి లేదు. ఆ రూలు పెట్టినవాళ్ళలో నువ్వూ ఒకడివి."

"నంబరు నాదా, కాదా?" నాన్న గొంతు పెరిగింది. "నా నంబరు నుంచి వచ్చే మాట నా మాటే. విను." లేచి, ముడతలు పడ్డ తీగను పొడుగ్గా లాగి, రిసీవరు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అది వెచ్చగా ఉంది.

రెనెల్ చెప్పింది. అంకె చెప్పింది, అలకూ అలకూ మధ్య ఎన్ని సెకన్లో చెప్పింది, ఎనిమిదిన్నర నుంచి ఎలా పెరుగుతూ వచ్చిందో చెప్పింది, పేజీ పోవడానికి కారణం తానేనని, అంకె తేవడానికి దాన్ని పీకాల్సి వచ్చిందని చెప్పింది. లైను మీద పదకొండు రేవులు, పదకొండు వంటిళ్ళు, ఎక్కడో ఒక కుక్క మొరిగింది. అప్పుడు ఎడ్మాం గొంతు, దూరంగా: "మళ్ళీ చెప్పమ్మా. అంకె పెద్దగా చెప్పు."

"నాలుగు పాయింట్ మూడు," అంది రెనెల్, చెప్పగలిగినంత పెద్దగా.

"పెతీ-హావ్?" అని మళ్ళీ అడిగాడు క్లెవ్, ఈసారి మెల్లగా. నాన్న ఆమె చేతిలోంచి రిసీవరు తీసుకోలేదు, వంగి, ఆమె పట్టుకుని ఉండగానే అందులో మాట్లాడాడు. "ఆగుతాం," అన్నాడు. ఒక్క మాటే, పన్నెండేళ్ళుగా ఇరుక్కున్నది ఊడి వచ్చినట్టు. ఆ తరువాత ఎడ్మాం రేవు ఆగుతామంది, ఆ పక్కది ఆగుతామంది, వెళ్తామన్నవాళ్ళు ఒక్కొక్కరే మాట వెనక్కి తీసుకున్నారు, క్లెవ్ అందరి పేర్లూ మొదటి నుంచి మళ్ళీ పిలవాల్సి వచ్చింది. నాన్న కుర్చీలో కూర్చుని టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "చూపించు," అన్నాడు రెనెల్‌తో, "ఆ రెమీ బోయా ఏమంటోందో." ఆమె లాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది. నాలుగు పాయింట్ నాలుగు, అంటోంది. ఓడీల్ గడప దగ్గర స్టూలు లాక్కుని కూర్చుని, బూట్లు విప్పుకుంది.